గోల్ పెద్దది చెయ్యాలట!

"గోల్ వెడల్పు చేసి పారెయ్యాలి. అంతకు మించి మార్గం లేదు" అన్నారు మా బావగారు, పెసరట్టు ముక్క అల్లప్పచ్చడిలో అద్దుకుంటూ.

నేను గోడ అనుకున్నాను. అనుకోనూ మరి? మిస్సిసాగాలో ఆ ఇల్లు కొన్న నాటి నుంచీ ఏదో ఒక గోడ కొట్టించడమో, కట్టించడమో చేస్తూనే ఉన్నారాయన. "ఏ గోడ బావగారూ? వంటింటిదేనా?" అన్నాను.

మా అక్క అట్లకాడ పట్టుకునే పకపకా నవ్వింది. "గోడ కాదే, గోలు! ఐస్ హాకీ. చలికాలం వచ్చిందంటే ఈ ఇంట్లో ఇదే భారతం. రాత్రి టీవీలో ఆట చూడ్డం, పొద్దున్నే రూల్సు మార్చడం."

అది 2025 ఫిబ్రవరి. బయట మోకాలి లోతు మంచు. సగంలో ఉన్న సీరియల్ పూర్తి చేసుకుందామని ఓ నెల్లాళ్ళు అక్క దగ్గరికి వెళ్ళాను. "అక్కడైతే ప్రశాంతంగా రాసుకోవచ్చు" అని ఇంటిల్లిపాదికీ చెప్పి మరీ విమానం ఎక్కాను. ప్రశాంతత మాట దేవుడెరుగు, ఆ నెల్లాళ్ళలో నేను రాసిన పేజీలకంటే మా బావగారు మార్చిన రూల్సే ఎక్కువ.

హాకీ అంటే నాకు తెలిసిందల్లా ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి. ఆ గడ్డి తీసేసి కృత్రిమ మైదానం మొట్టమొదట ఒలింపిక్స్‌లో పరిచింది కూడా ఈ కెనడాలోనేట, 1976లో మాంట్రియల్‌లో. ఆ ఏడాది మనవాళ్ళు ఏడో స్థానంలోకి జారిపోయారు. కాళ్ళ కింద నేల మారిస్తే ఎవరి రాత ఎలా తిరుగుతుందో చెప్పలేం కదా! ఇదేదో పాత కక్ష అనుకునేరు, కాదు. ఊరికే గుర్తొచ్చింది.

ఈ మంచు హాకీ వేరే లోకం. 200 అడుగుల పొడుగు, 85 అడుగుల వెడల్పు మంచు పలక, చుట్టూ పిట్టగోడ. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, కాళ్ళకి కత్తుల్లాంటి స్కేట్లు. బంతి ఉండదు. నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, పక్ అంటారు. మూడంగుళాల అడ్డకొలత, అంగుళం మందం. సంక్రాంతికి వండి శివరాత్రి దాకా డబ్బాలో మరిచిపోయిన అరిసె ఉంటుందే, అచ్చం అలాంటిది. అది చాలదన్నట్టు, ఆటలో ఎగిరెగిరి పడకుండా ముందుగా గడ్డకట్టించి మరీ తెస్తారట! కండ ఉన్నవాడు కర్రతో కొడితే గంటకి నూరు మైళ్ళ వేగంతో వచ్చి తగుల్తుందా బిళ్ళ. దానికి అడ్డంగా ఒక మనిషి నిలబడాలి. ఆ మనిషిని వీళ్ళు ముద్దుగా గోలీ అంటారు.

గోలీ అంటే నాకు గాజు గోలీలు, గోలీసోడా. ఆ మాట వినపడ్డప్పుడల్లా మొదటి రెండు రోజులూ నవ్వు ఆపుకోలేకపోయాను. మూడో రోజు నుంచి మానేశాను. ఎందుకంటే, మా అక్క కూతురు చిట్టి, పదమూడేళ్ళ పిల్ల, వాళ్ళ జట్టుకి గోలీ.

బావగారి బాధల్లా ఆటలో గోల్స్ చాలినన్ని పడ్డం లేదని. ఈ మధ్య కాస్త పెరిగాయట గానీ ఆయనకి ఆనలేదు. "ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఆ కొలత పెట్టిన రోజుల్లో గోలీలు మామూలు మనుషులమ్మా. ఇప్పుడో? ఆరడుగుల నాలుగంగుళాల వాడొస్తాడు. ఒంటి నిండా పరుపులు కట్టుకుని మోకాళ్ళ మీద చతికిలబడతాడు. ఇంక ఖాళీ ఏదీ? గుమ్మానికడ్డంగా బీరువా పెట్టినట్టుంటుంది" అన్నారు. గోల్ పెద్దది చెయ్యాలన్నది ఆయనకొక్కరికే పుట్టిన బుద్ధి కాదట. అక్కడ ఆటలో తల పండినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి ఈ మాట అంటూనే ఉన్నారట.

బి.ఏ.లో హిస్టరీ వెలగబెట్టినదాన్ని కదా, నోరూరుకోక "ఇదివరకెప్పుడైనా రూల్సు మార్చారా బావగారూ?" అని అడిగాను. చెరువు గట్టుకి గండి కొట్టినట్టయింది. పెసరట్లు చల్లారిపోయాయి. మా అక్క నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అయితే ఆయన చెప్పినవి నిజంగా బావున్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి?

1928-29లో, గోల్ దగ్గరికి చేరాక తనకంటే ముందున్న తోటి ఆటగాడికి బిళ్ళ అందించకూడదని నియమం. ఇంకేం, గోల్స్ కరువు. మాంట్రియల్ గోల్‌కీపర్ జార్జ్ హెయిన్స్‌వర్త్ 44 ఆటల్లో 22 ఆటలు ఒక్క గోలూ ఇవ్వకుండా గట్టెక్కించాడట. సగానికి సగం! లీగు పెద్దలకి గుండె ఆగింది. మరుసటి ఏడు ఎక్కడైనా ముందుకి అందించుకోవచ్చన్నారు. అనగానే ఆటగాళ్ళు, విస్తళ్ళు వెయ్యకముందే పంక్తిలో కూచునే పెళ్ళివారిలా, బిళ్ళ రాకముందే వెళ్ళి అవతలి గోల్ ముందు కాపు వేశారు. గోల్స్ కుప్పతెప్పలు. ఇదేం గొడవరా బాబూ అని, ఆటలు సగంలో ఉండగానే, 1929 డిసెంబరులో మళ్ళీ మార్చారు. బిళ్ళ కంటే ముందు ఎవరూ అవతలి హద్దులోకి అడుగుపెట్టకూడదని. ఆ నియమం ఇప్పటికీ ఉంది. పీటల మీద పెళ్ళి ఆపి ముహూర్తం మార్చినట్టు లేదూ?

ఇంకొకటి మరీ సొగసైంది. తప్పు చేసిన ఆటగాడిని రెండు నిమిషాలు ఒక పెట్టెలో కూచోబెడతారు. ఆ రెండు నిమిషాలూ అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుకోవాలి. పూర్వం, ఎన్ని గోల్స్ పడ్డా ఆ రెండు నిమిషాలూ పూర్తి కావలసిందే. 1955 నవంబరు 5న బోస్టన్ వాళ్ళిద్దరు ఆ పెట్టెలో ఉండగా మాంట్రియల్ ఆటగాడు జాన్ బెలివో 44 సెకన్లలో మూడు గోల్స్ కొట్టేశాడు. మాంట్రియల్ జట్టు ఇలాగే అందర్నీ చితక్కొడుతుంటే మిగతా జట్లన్నీ ఏకమై మరుసటి ఏడు రూలు మార్పించాయి. ఒక్క గోల్ పడగానే పెట్టెలో ఉన్నవాడు బయటికి రావచ్చని. కాదన్నది మాంట్రియల్ ఒక్కటే.

"అంటే మరీ బాగా ఆడినందుకు రూలు మార్చారన్నమాట" అన్నాను.

"ఆఁ! అది మళ్ళీ పాత పద్ధతికి తేవాలి. పూర్తిగా రెండు నిమిషాలూ కూచోవాలి వెధవలు. అప్పుడు చూడు ఆట!" అంటూ ఆయన రెండో సవరణ ప్రతిపాదించారు.

ఆయన చెప్పినవి వింటూంటే నాకొకటి అర్థమైంది. ఆట రక్తి కట్టాలని ఒకరు రూలు పెడతారు. ఓడిపోకూడదని ఇంకొకరు దాన్లో సందు వెతుకుతారు. 1995లో న్యూజెర్సీ డెవిల్స్ అనే జట్టు మైదానం మధ్యలో సాలెపురుగులా వల పన్ని కూచుని, అవతలివాళ్ళని కదలనివ్వకుండా పెద్ద కప్పు గెలిచింది. ఆ విద్య అందరూ నేర్చారు. ఆటంతా అడ్డుకోవడం, పట్టుకోవడం, లాగడం. ఆఖరికి 2004-05లో యజమానులూ ఆటగాళ్ళూ జీతాల దగ్గర తగువులాడుకుని ఏడాది ఏడాదీ ఆటలే లేకుండా పోయాయి. ఆ తీరికలో బ్రెండన్ షానహాన్ అనే ఆటగాడు టొరంటోలో అందర్నీ పోగేసి, ఈ ఆటని ఏం చేద్దామని మాట్లాడించాడు. 2005లో బోలెడు మార్చారు. మధ్య గీత దాటి దూరంగా బిళ్ళ అందించుకోవచ్చు. పట్టుకుంటే, లాగితే ఊరుకునేది లేదు. సమంగా నిలిస్తే ఒక్కొక్కరే వచ్చి గోలీ మీద కొట్టి తేల్చుకోవాలి. గోలీ ప్యాడ్ల వెడల్పు 12 అంగుళాల నుంచి 11కి తగ్గించాలి. గోల్ వెనక గీసిన ఒక ముగ్గు దాటి గోలీ బిళ్ళని ముట్టుకోకూడదు.

గోల్స్ పెరిగాయి. కొన్నేళ్ళకి కోచ్‌లు విరుగుడు కనిపెట్టేశారు. మళ్ళీ తగ్గాయి. 2015లో, అదనపు సమయంలో గోలీ కాక ముగ్గురే ఆడాలన్నారు. ఖాళీ మంచు మీద ముగ్గురంటే ఒకటే పరుగులు కదా! కొన్నాళ్ళు అలాగే ఉంది. తర్వాత వాళ్ళూ తెలివి మీరారు. మంచి అదను దొరికేదాకా బిళ్ళ వదలకుండా వెనక్కీ ముందుకీ షికార్లు కొడుతున్నారు. దానికి మందుగా, మధ్య గీత దాటాక మళ్ళీ వెనక్కి పోకూడదనీ, ఇన్ని సెకన్లలో కొట్టి తీరాలనీ కొత్త ప్రతిపాదనలు.

సరిగ్గా ఆ రాత్రే నాకు ఇండియా నుంచి ఫోను. నా సీరియల్ వేస్తున్న పత్రిక సంపాదకుడు. మంచివాడే పాపం.

"మేడమ్, రచన బావుంది. కానీ ఐదు వారాలుగా మీ పెద్దకోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమీ జరగడం లేదు. పాఠకులకి ఉత్కంఠ ఉండాలి కదండీ? ఒక యాక్సిడెంటో, పాత ప్రేమలేఖో..."

సరేనన్నాను. పాతికేళ్ళుగా రాస్తున్నదాన్ని, నాకు తెలీదూ? పొద్దుపోయేదాకా కూచుని పెద్దకోడలి మరిదికి లారీ యాక్సిడెంటు చేయించాను. నాలుగు పేజీలు, రక్తం ధారాపాతం. చదువుకుంటే నాకే ఉత్కంఠగా అనిపించింది. నా మొహం.

నీళ్ళ కోసం వంటింట్లోకి వెళితే చిట్టి ఒక్కతీ కూచుని సీరియల్ తింటోంది. నాలా రాసేది కాదు, పాలల్లో వేసుకునేది.

"నిద్రపోలేదే?" అన్నాను.

"పిన్నీ, నాన్న చెప్పే రూల్సన్నీ విన్నావుగా?" అంది. "గోల్ పెద్దది. ప్యాడ్లు చిన్నవి. గోలీ అటు వెళ్ళకూడదు, ఇది ముట్టుకోకూడదు. అన్నీ నా మీదే కదా?"

నాకు నోట మాట రాలేదు. పెసరట్ల దగ్గర అంతసేపు చరిత్ర విన్నానా, ఈ సంగతి నాకు తట్టనే లేదు.

అసలు విషయం తర్వాత మా అక్క చెప్పింది. వచ్చే సీజన్‌కి గోలీ వద్దు, ముందు వరసలో ఆడమని బావగారు నచ్చజెబుతున్నారట. "అందరూ గోల్ కొట్టినవాళ్ళనే చూస్తారే. గెలిస్తే వాళ్ళ పేరు, ఓడితే దీని పేరు. కంటి ముందు అలా నిలబడి మాట పడుతూంటే ఆయన తట్టుకోలేరు" అంది అక్క. అక్క భయం వేరు. ఆ బిళ్ళ, ఆ వేగం. ఆ పైన గోలీ సరంజామా ఖరీదు, ఆ పిల్ల ఏడాదికోసారి ఎదిగిపోవడం. నెలాఖరు లోపల కోచ్‌కి ఏదో ఒకటి చెప్పాలట. చిట్టి ఔననీ కాదనీ అనలేదు.

ఆ తర్వాత రెండు మూడు రోజులు నా పని మానేసి ఈ గోలీల పురాణం తవ్వాను. అబ్బ, ఏం బతుకులండీ! మొదట్లో గోలీ కింద పడ్డానికే వీల్లేదట. నిలబడే ఆపాలి, పడితే శిక్ష. ఒటావా గోలీ క్లింట్ బెనెడిక్ట్ అని ఒకాయన, జారినట్టు నటించి మోకాళ్ళ మీద పడిపోయేవాడట. జనం "ప్రార్థన చేస్తున్నాడు" అని వెక్కిరించేవారట. ఆయన పోరు పడలేక 1918 జనవరిలో ఆ రూలు ఎత్తేశారు. గోలీకి అనుకూలంగా మార్చిన రూలంటే నాకు చప్పున దొరికింది అదొక్కటే.

మొహానికి తొడుగు సంగతి ఇంకా ఘోరం. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో జాక్ ప్లాంట్ మొహాన బిళ్ళ తగిలి చీరుకుపోయింది. లోపలికి తీసుకెళ్ళి కుట్లు వేశారు. తొడుగు పెట్టుకోనిస్తేనే మళ్ళీ మంచు మీదికొస్తానన్నాడాయన. కోచ్‌కి ఇష్టం లేదు, కానీ ఇంకో గోలీ లేడు. ఒప్పుకోక తప్పలేదు. అన్నాళ్ళూ ఆటల్లో గోలీలు వట్టి మొహాలతో నిలబడ్డారంటే నమ్ముతారా? (మా చిట్టి తొడుగు మీద నెమలి బొమ్మ వేయించుకుంది. అది చూస్తే నాకు కాస్త ధైర్యం.)

నాకు అందరికంటే నచ్చినవాడు డేవిడ్ ఐర్స్. 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో, కారొలైనా జట్టు గోలీలిద్దరూ దెబ్బలు తగిలి కూలబడ్డారు. అలాంటి అవసరానికి స్టేడియంలో ఒక మామూలు మనిషిని సిద్ధంగా ఉంచుకోవాలని రూలు. ఆ మామూలు మనిషే ఈయన. మంచు మైదానాన్ని నున్న చేసే బండి తోలినవాడు, 42 ఏళ్ళవాడు, వాళ్ళమ్మ ఇచ్చిన మూత్రపిండంతో బతుకుతున్నవాడు. తోసుకెళ్ళి గోల్‌లో నిలబెట్టారు. వచ్చిన మొదటి రెండు బిళ్ళలూ లోపలికి పోయాయి. తర్వాత వచ్చిన ఎనిమిదీ ఆపేశాడు. టొరంటో వాళ్ళు సొంత ఊళ్ళో ఓడిపోయారు. 42 ఏళ్ళని చదివి ఎంత ఆనందించానో నా వయసు ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2025లో కుదిరిన ఒప్పందంలో దీన్నీ మార్చేశారు. 2026-27 నుంచి జట్లు తమ వెంట ఒక అత్యవసర గోలీని జీతమిచ్చి తిప్పుకోవాలట. సబబే కాబోలు. కానీ ఇంక బండి తోలేవాడికి పిలుపు రాదు.

మధ్యలో ఒకరోజు మా అక్కా, నేనూ, చిట్టీ టొరంటోలో ఆడవాళ్ళ హాకీకి వెళ్ళాం. ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగు 2024 జనవరి 1న టొరంటోలోనే మొదలైంది. పాత లీగులో ఏళ్ళూ పూళ్ళూ వాదించుకునే మార్పులు వీళ్ళు మొదటి ఏడాదే ధైర్యంగా పెట్టేసుకున్నారు. అసలు సమయంలో గెలిస్తే మూడు పాయింట్లు, అదనపు సమయంలో గెలిస్తే రెండు, అక్కడ ఓడితే ఒకటి. బావగారు ఎప్పటినుంచో మగవాళ్ళ లీగుకి అడుగుతున్న లెక్క ఇదే. ఇంకొక రూలుంది. దాని పేరు జైల్‌బ్రేక్. జట్టులో ఒకమ్మాయి శిక్ష పడి పెట్టెలో ఉందనుకోండి. తక్కువ మందితో ఆడుతున్న ఆ జట్టే గోల్ కొడితే పెట్టెలో ఉన్న పిల్ల వెంటనే బయటికొచ్చేస్తుంది.

చిట్టి ఇది చెప్తూంటే కుర్చీలోంచి లేచాను. "ఇది మా చెడుగుడే!" అన్నాను. మరి కాదూ? మనవాళ్ళొకరు అవతలివాణ్ణి ఔట్ చేస్తే, ఔటయి గట్టు మీద కూచున్న మనవాడు బతికి లోపలికి రావడమేగా? మా ఊరి చెరువు పక్క ఇసకలో మా అక్క ఔటై మొహం మాడ్చుకుని కూచుంటే, గుక్కపట్టి వెళ్ళి పక్కింటి పిల్లల్ని తాకి వచ్చి దాన్ని ఎన్నిసార్లు బతికించలేదు! "నువ్వు బతికించావా? అబద్ధాలు. నేనే నిన్ను బతికించేదాన్ని" అంది అక్క. పక్కనున్న కెనడా వాళ్ళు తిరిగి చూశారు. టొరంటో మంచు మీద ఇదేదో కొత్త కనిపెట్టుడని రాసుకున్నారు పత్రికలవాళ్ళు. మా ఊళ్ళో పరికిణీలు ఎగ్గట్టుకుని ఆడేశాం.

ఆ రోజు ఒక్క జైల్‌బ్రేకూ జరగలేదు. శిక్ష పడ్డప్పుడల్లా ఊపిరి బిగబట్టడం, వదలడం. జరగలేదుగానీ జరుగుతుందేమోనని పెట్టెలో కూచున్న పిల్లలు తలుపు దగ్గరే నిలబడి చూసిన చూపు మాత్రం మరిచిపోలేను.

ఫిబ్రవరి 20 రాత్రి కెనడాకీ అమెరికాకీ ఫైనల్. నాలుగు దేశాల పోటీ. ఆట బోస్టన్‌లో. అంతకు ఐదు రోజుల ముందు మాంట్రియల్‌లో ఇవే జట్లు కలిస్తే, మొదటి తొమ్మిది సెకన్లలో మూడు కొట్లాటలు. కెనడా ఓడింది. ఇక ఫైనల్ సంగతి చెప్పాలా? వీధిలో పిల్లి కూడా లేదు. రెండు రెండు గోల్స్‌తో సమం. లీగు ఆటల్లోలా ముగ్గురేసి ఆడి తేల్చుకోడానికి ఫైనల్లో వీల్లేదు. పూర్తి జట్లతో, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే గెలుపు. పాత పద్ధతి.

బావగారు సోఫా అంచుకొచ్చారు. అమెరికా తరఫున ఆడుతున్న ఆస్టన్ మాథ్యూస్ మామూలు రోజుల్లో టొరంటో జట్టు కెప్టెన్, బావగారి ఆరాధ్య దైవం. అతను గోల్ మీద కొడుతున్నాడు. కెనడా గోలీ జోర్డన్ బినింగ్టన్ ఆపుతున్నాడు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఆపాడు. ఒక్కటి లోపలికి పోతే అంతా అయిపోయినట్టే. బావగారు గ్లాసులో నీళ్ళనుకుని మజ్జిగపులుసు తాగేశారు. చూసుకోలేదు కూడా. ఎనిమిది నిమిషాలు దాటాక కానర్ మెక్‌డేవిడ్ గోల్ కొట్టాడు. ఇల్లు లేచిపోయింది. బావగారు నన్ను, అక్కని, తలుపు తీసుకుని వచ్చిన పక్కింటాయన్ని అందర్నీ వాటేసుకున్నారు.

చిట్టి లేవలేదు. వెనక్కి తిప్పి బినింగ్టన్ ఆపినవి మళ్ళీ పెట్టి చూస్తోంది. ఒక్కొక్కటీ. చెయ్యి ఎక్కడుంది, మోకాలు ఎక్కడుంది.

"మెక్‌డేవిడ్‌ది పెట్టవే!" అన్నారు బావగారు.

"ఇవి లేకపోతే అది లేదు కదా నాన్నా" అంది, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

బావగారు ఏమీ అనలేదు. మరునాడు పెసరట్ల దగ్గర రూలు మార్పులు కూడా ఏమీ రాలేదు. నాకే వెలితిగా ఉండి, "గోల్ సంగతేం చేశారు బావగారూ?" అని కదిపాను. "చూద్దాంలే" అన్నారు.

శనివారం చిట్టి జట్టుకి ఆట. పొద్దున్న ఆరున్నరకి. మంచు మైదానాలకి అంత గిరాకీట, చిన్న జట్లకి దొరికే వేళలు ఇలాగే ఉంటాయి. ఫ్లాస్కు, రెండు శాలువాలు, మా ఆయన మంకీ క్యాపు. నాకేదో తోచి, చేతి సంచిలో ఉన్న కాగితాలు తీశాను. చూస్తే ఆ లారీ యాక్సిడెంటు పేజీలు. వెనక వైపు తెల్లగా ఉంది. పెన్సిలు తీసుకుని, ఆ పిల్ల బిళ్ళ ఆపినప్పుడల్లా ఒక గీత. మా అమ్మ పాలపద్దు గోడ మీద గీసేదే, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. అలాగ. స్కోరు పలక మీద ఎర్ర అంకెలున్నాయి గానీ, అవి పడ్డ గోల్స్ మాత్రమే లెక్కపెడతాయి.

నెమలి బొమ్మ వెనక మొహం కనిపించదు. ఒకసారి మాత్రం, ముగ్గురు ఒక్కసారి మీద పడి, బిళ్ళ ఎక్కడుందో నాకు తెలీక కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిస్తే, ఆ పిల్ల పొట్ట కింద బిళ్ళ పెట్టుకుని బోర్లా పడుకుని ఉంది. గుడ్ల మీద కోడిపెట్టలా. రిఫరీ ఈల వేసినా లేవలేదు. అప్పుడు నాకు మా పెద్దకోడలు గుర్తొచ్చింది. ఏమీ జరగడం లేదన్నారు కదూ! ఆవిడ ఆపుతోంది కాబట్టే జరగడం లేదు బాబూ. అది రాయడం నాకు చేతకాకపోతే ఆ మాట వేరు.

నాలుగు మూడు. ఓడిపోయారు.

కారులో వెనక సీట్లో చిట్టి నా పక్కనే, చెమట వాసనతో, తడి జుట్టుతో. ఎవరూ మాట్లాడ్డం లేదు. కాగితం తీసి దాని చేతికిచ్చాను. మొదట అర్థం కాలేదు. గీతలు వేలితో లెక్కపెట్టుకుంది.

"ట్వెంటీ సెవెన్?"

"ఇరవై ఏడు. నేను కళ్ళు మూసుకున్నప్పుడు వచ్చినవి ఈ లెక్కలో లేవు."

ఎర్ర దీపం దగ్గర బావగారు కారాపి, "ఏదీ, ఇలా ఇవ్వు" అని చెయ్యి వెనక్కి చాపారు. ఇచ్చింది. దీపం పచ్చబడింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా చూస్తూనే ఉన్నారాయన.